చుట్టపుచూపుకు వీసా

తెలుగు తరగతిలో మొదటి పాఠం మీకు గుర్తుండే ఉంటుంది. మీ పేరు ఏమిటి? మీ నాన్నగారి పేరు ఏమిటి? మీ ఊరు ఏది? మారిషస్‌లో తెలుగు నేర్చుకున్న మనలో చాలామంది ఈ ప్రశ్నలతోనే మొదలుపెట్టాం. జవాబులు చెప్పడం సులభమే. అవే ప్రశ్నలు వీసా ఫారంలో ఎదురైతే అంత సులభం కాదు. మా మేనత్తను ఇండియా తీసుకువెళ్లడానికి దరఖాస్తు నింపినప్పుడు నాకు ఈ సంగతి బాగా తెలిసింది. మీలో కొందరు త్వరలో ఇలాంటి ఫారం ముందు కూర్చోవచ్చు. అందుకే మీకు చెబుతున్నాను.

మేనత్త అంటే నాన్న తోడబుట్టిన ఆడమనిషి. మా అత్తకు 81 ఏళ్లు. మా పిల్లలు ఆమెను తాంతీన్ అని పిలుస్తారు. ద్వీపం ఉత్తరాన, చెరకు తోటల మధ్య, తాను పుట్టిన ఊళ్లోనే ఇప్పటికీ ఉంటోంది. నలభై ఏళ్లు చెరకు కొట్టింది. రామభజనం ఎక్కడ జరిగినా వెళ్తుంది. ఏటా సింహాద్రి అప్పన్న పూజకు ఇంట్లో అందరికంటే ముందు లేచి ముగ్గు వేసేది ఆమే. కానీ సింహాద్రిని ఎప్పుడూ చూడలేదు. పోయిన ఏడాది పూజ అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నాకు ఒక్కసారి సింహాచలం సూపించమ్మా. మోకాళ్లు ఇంకా నడుస్తున్నాయి" అంది.

అత్త అడిగింది ఒక గుడిని చూడటమే. కానీ మా ఇంట్లో ఆ గుడికి ఇంకో అర్థం ఉంది. మా పూర్వీకులు వైజాగపట్నం జిల్లా నుంచి వచ్చారని మాకు తెలుసు. ఏ ఊరి నుంచి వచ్చారో తెలియదు. విశాఖపట్నం పక్కన ఉన్న ఆ కొండ తప్ప అక్కడ మాకు పేరు తెలిసిన చోటు ఇంకొకటి లేదు. అప్పలసామి, అప్పన్న, అప్పలమ్మ, సింహాచలం, సింహాద్రి: మన ఊళ్లలో వినిపించే ఈ పేర్లన్నీ ఆ కొండ మీది దేవుడి పేర్లే.

ఇండియా వెళ్లడానికి మనలాంటి వాళ్లకు రెండు దారులు ఉన్నాయి. ఒకటి వీసా. కొన్నాళ్లు ఉండి తిరిగి వచ్చేవాళ్లకు ఇచ్చే అనుమతి అది. రెండోది ఓసీఐ కార్డు. అది పౌరసత్వం కాదు. భారత సంతతివాళ్లకు ఇచ్చే కార్డు. అది ఉంటే జీవితాంతం వీసా లేకుండా వెళ్లి రావచ్చు. మొదట్లో కొన్ని తరాల దాకానే దానికి అర్హత ఉండేది. 2024 మార్చిలో మన జాతీయ దినోత్సవానికి భారత రాష్ట్రపతి ద్రౌపది ముర్ము వచ్చినప్పుడు, మారిషస్‌లోని భారత సంతతివాళ్లకు 7వ తరం వరకు ఈ కార్డు ఇచ్చే ప్రత్యేక ఏర్పాటును ప్రకటించారు. ఆ వార్త విని మేమూ సంతోషించాం. అత్తకు ఓసీఐ కార్డే తీసుకోవాలని నేను అనుకున్నాను.

ఆ కార్డుకు రుజువులు కావాలి. ఓడ దిగిన మనిషి దగ్గర మొదలుపెట్టి మీ వరకు, ఒక్కొక్క తరానికీ కాగితం చూపించాలి. ఓడ దిగిన మనిషి కాగితం మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో దొరుకుతుంది. వలస వచ్చినవాళ్ల పాత రిజిస్టర్లు అక్కడే భద్రంగా ఉన్నాయి. 1834 నవంబరు 2న మొదటి బృందం వచ్చింది. అప్పటి నుంచి 20వ శతాబ్దం మొదటి భాగం వరకు దాదాపు 5 లక్షల మంది ఇండియా నుంచి ఈ ద్వీపానికి వచ్చారు. మొదటి రోజుల్లో తెలుగువాళ్లు కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడ ఎక్కేవారు. 1839 నవంబరు తుఫానులో కోరంగి చాలావరకు నాశనమైంది. తర్వాత ఎక్కువమంది మద్రాసు నుంచి వచ్చారు. మా ముత్తాత, అంటే అత్త తాతగారి తండ్రి, 1870ల్లో మద్రాసులో ఓడ ఎక్కాడు.

ఆయన గురించిన వరుస నా చేతికి వచ్చినప్పుడు ఇంటికి తెచ్చి అత్తకు చదివి వినిపించాను. నంబరు. పేరు: అప్పలసామి. తండ్రి పేరు. వయసు 22. ఎత్తు ఇన్ని అడుగులు, ఇన్ని అంగుళాలు. కులం. జిల్లా: వైజాగపట్నం. ఊరి పేరు చోట గుమాస్తా తన చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో ఏదో రాశాడు. దాన్ని మూడు రకాలుగా చదవవచ్చు. ఏ రకంగా చదివినా మ్యాపులో ఖచ్చితంగా ఇదీ అని చెప్పలేం. చివర్లో శరీరం మీది గుర్తులు: ఎడమ మోకాలి కింద మచ్చ.

అత్త ఆ చివరి మాట దగ్గర ఆగింది. "మచ్చ ఏటి? దెబ్బ తగిలిందా?" అని అడిగింది. 'ఏటి' అంటే 'ఏమిటి'. మీ ఇంట్లో పెద్దవాళ్లూ ఇలాగే అంటే, వాళ్ల తెలుగు విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపుదని అనుకోవచ్చు. మచ్చ ఎలా వచ్చిందో ఆ కాగితంలో లేదు. కానీ 150 ఏళ్ల కింద పోయిన ఒక యువకుడి మోకాలి గురించి ఆమె ఆ రోజంతా ఆలోచించింది. సాయంత్రం మళ్లీ అడిగింది: "పొలంలో తగిలుంటాదా?"

ఇక్కడి వరకు బాగానే ఉంది. చిక్కు తర్వాతి కాగితంలో వచ్చింది. అత్త నాన్నగారు, అంటే మా తాత, 1910లో పుట్టాడు. ఆయన జనన పత్రంలో తల్లి పేరు ఒక్కటే ఉంది. తండ్రి పేరు చోట ఖాళీ. అప్పట్లో మన ఇళ్లలో ఇలాంటివి చాలా ఉండేవి. పెద్దలు పందిరి వేసి, తాళి కట్టించి, ఊరందరికీ భోజనం పెట్టి పెళ్లి చేసేవారు. ప్రభుత్వ కార్యాలయంలో ఆ పెళ్లి నమోదు కాకపోతే, చట్టం దృష్టిలో పెళ్లి జరగలేదు. పుట్టిన బిడ్డ తల్లి పేరు మీదే నమోదయ్యేవాడు.

మా తాత తండ్రి ఎవరో ఊరందరికీ తెలుసు. ఆయన కొడుకు పెళ్లికి పీట మీద కూర్చున్నాడు, కొడుకు చేతుల్లోనే పోయాడు. అయినా కాగితాల గొలుసులో ఒక కొక్కెం లేదు. ఇంకా రుజువులు తెమ్మన్నారు. దొరకవచ్చు, దొరకకపోవచ్చు. ఎన్ని నెలలు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఈ మాట అత్తకు మెల్లగా చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "మా నాన్నకి నాన్న లేడని రాసేసినారా?"

"అలా కాదు అత్తా, పేరు రాయలేదు, అంతే" అన్నాను.

"రెండూ ఒకటే గదా" అంది.

మరునాడు ఆమే ఫోన్ చేసింది. "ఆ కార్డు మీకు, పిల్లలకు. మీరు వెతుక్కోండి. నాకు అంత టైము లేదు. మనం చుట్టపుచూపుకే ఎల్దాం" అంది.

చుట్టపుచూపు. మీకు ఈ మాట కొత్తదైతే నేర్చుకోండి. చుట్టం అంటే బంధువు. బంధువుల ఇంటికి వెళ్లి, నాలుగు రోజులు ఉండి, వాళ్లను చూసి తిరిగి రావడం చుట్టపుచూపు. విజిటర్ వీసాకు తెలుగులో సందర్శకుల వీసా అని రాస్తారు. కానీ అత్త చెప్పిన మాటే నాకు ఎక్కువ నచ్చింది.

అలా మేం ఈ-వీసా ఫారం తెరిచాం. ఆమె నా పక్కన కూర్చుంది. నేను ఒక్కొక్క ప్రశ్న ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాను. ఆమె తెలుగులో జవాబు చెప్పింది. నేను ఇంగ్లీషులో రాశాను.

మొదటి ప్రశ్న ఇంటిపేరు. "అప్పలసామి" అంది వెంటనే. పాస్‌పోర్టులోనూ అదే ఉంది. కానీ మీరు గమనించారా? అప్పలసామి ఇంటిపేరు కాదు. అది ఓడ దిగిన ఆ 22 ఏళ్ల యువకుడి సొంత పేరు. ఆంధ్రలో ఇంటిపేరు మనిషి పేరుకు ముందు వస్తుంది. చాలాసార్లు అది ఒక ఊరి పేరు అయి ఉంటుంది. ఇక్కడ గుమాస్తాలు మనిషికి ఒక్క పేరే రాసుకున్నారు. తర్వాత ఆ పేరే పిల్లలకు, మనవలకు ఇంటిపేరు అయింది. మన అసలు ఇంటిపేరు రేవులోనే ఉండిపోయింది. అది మిగిలి ఉంటే మన ఊరు ఏదో తెలిసేదేమో. మీ ఇంటిపేరు ఎవరి పేరో ఒకసారి ఆలోచించండి. బహుశా మీకు ఒక ముత్తాత దొరుకుతాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఫారంలో పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయాలి. మన పేర్లను ఫ్రెంచి పద్ధతిలో ఒకచోట, ఇంగ్లీషు పద్ధతిలో ఒకచోట రాసి ఉంటారు. తెలుగులో ఏది సరైనదో మీకు తెలిసినా దాన్ని అక్కడ దిద్దకండి.

తర్వాత తండ్రి వివరాలు. పేరు, పుట్టిన ఊరు, పుట్టిన దేశం, జాతీయత, అంతకుముందు జాతీయత. మా తాత 1979లో పోయాడు. మారిషస్‌కు 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. అంటే ఆయన బ్రిటిష్ ప్రజగా పుట్టి, మారిషస్ పౌరుడిగా పోయాడు. ఒకే ఊళ్లో ఉంటూనే రెండు దేశాల మనిషి అయ్యాడు. ఈ ఫారం తండ్రి పేరు అడుగుతుంది గానీ దానికి రుజువు అడగదు. అత్త తన నాన్న పేరు చెప్పింది. నేను రాశాను. గడి నిండింది. ఆమె తెర మీద ఆ పేరును వేలితో చూపించి, "ఉంది కదా?" అని అడిగింది. ఉంది అన్నాను.

తర్వాత ప్రశ్న చదివి నేనే ఆగిపోయాను. శరీరం మీద కనిపించే గుర్తులు ఏమిటి?

అదే ప్రశ్న. 1870ల్లో గుమాస్తా మా ముత్తాతను నిలబెట్టి చూసి రాసుకున్న ప్రశ్న. ఇప్పుడు ఆయన మునిమనవరాలు తిరిగి వెళ్తుంటే మళ్లీ అడుగుతున్నారు. అత్తకు కుడి ముంజేతి మీద పొడుగాటి మచ్చ ఉంది. పదిహేడేళ్లప్పుడు చెరకు కొడుతుంటే కత్తి జారి తగిలింది. "రాయి" అంది చెయ్యి చాపి. "ఆయనకి మోకాలు, నాకు చెయ్యి."

గుర్తింపు కాగితం మన పెద్దలకు చిన్న విషయం కాదు. 1867లో వచ్చిన చట్టం ప్రకారం, ఒప్పందం పూర్తయిన కూలీలు కూడా ఫొటో ఉన్న టికెట్టు దగ్గర పెట్టుకోవాల్సి వచ్చింది. దానితోపాటు పోలీసు పాసు కూడా ఉండాలి. అవి లేకుండా కనబడితే దేశదిమ్మరి అని పట్టుకునేవారు. సముద్రం దాటడానికి కాదు, ఇదే ద్వీపంలో ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు వెళ్లడానికే ఈ బాధ. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే ఆయన సాయంతో 9 వేల మందికి పైగా కూలీలు ఈ అన్యాయాల మీద అర్జీ పెట్టారు. దాని తర్వాత రాయల్ కమిషన్ వచ్చి విచారణ జరిపింది. ఈ చరిత్ర తెలుసుకుని మీ పాస్‌పోర్టు చేతిలోకి తీసుకుని చూడండి. పక్క జిల్లాకు పాసు అడుక్కున్నవాళ్ల పిల్లలం మనం.

ఫారంలో చివరి భాగంలో ఇంకో ప్రశ్న ఉంది. ఇండియాలో మీకు తెలిసిన ఒక మనిషి పేరు, చిరునామా, ఫోను నంబరు ఇవ్వాలి. నేను హోటలు పేరు రాయబోయాను. ఎవరూ తెలియనివాళ్లు చాలామంది హోటలు వివరాలే ఇస్తారు. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఆ హోటలోడికి నానెవరో ఏటి తెలుసు?"

"తెలియక్కర్లేదు అత్తా. మనం ఎక్కడ ఉంటామో తెలిస్తే చాలు."

"చుట్టపుచూపుకి ఎల్తూ, ఆ ఊళ్లో నన్నెరిగినోళ్లు ఒక్కరూ లేరని రాస్తామా?"

నా దగ్గర జవాబు లేదు. ఇంత పెద్ద దేశంలో మా పేరు తెలిసిన ఇల్లు ఒక్కటి కూడా లేదు. ఉండే ఉంటుంది. ముత్తాత తోడబుట్టినవాళ్ల పిల్లలు, వాళ్ల పిల్లలు ఎక్కడో ఉండే ఉంటారు. మేం వాళ్లకు తెలియదు, వాళ్లు మాకు తెలియదు. చివరికి అత్తే, "సరే, రాయి. గడి ఖాళీగా ఉంచకు. ఖాళీ గడి మంచిది కాదు" అంది. ఆ మాట ఎందుకు అందో నాకు అర్థమైంది.

మిగతా పని చిన్నదే. తెల్లటి వెనుక భాగంతో చతురస్రం ఆకారంలో ఫొటో, పాస్‌పోర్టు మొదటి పేజీ కాపీ పంపాలి. పాస్‌పోర్టుకు ఇంకా కనీసం 6 నెలల గడువు, 2 ఖాళీ పేజీలు ఉండాలి. మారిషస్ పాస్‌పోర్టు కాబట్టి మా దగ్గర రుసుము తీసుకోలేదు. మేం మొదట వెతికినప్పుడు అసలుదానిలాగే కనిపించే ఇంకో సైటు వచ్చింది. అది చాలా డబ్బు అడిగింది. ఇండియా ప్రభుత్వం సైటు చిరునామా గవ్ డాట్ ఇన్ అని ముగుస్తుంది. మీ పెద్దవాళ్లు ఒంటరిగా దరఖాస్తు పెడుతుంటే ఈ ఒక్క సంగతి తప్పకుండా చెప్పండి.

మూడో రోజు అనుమతి వచ్చింది. కాగితం మీద తీసి అత్తకు ఇచ్చాను. ఆమె దాన్ని మడతపెట్టి, ముత్తాత వరుస ఉన్న కాగితంతో కలిపి, బీరువాలో పసుపు గుడ్డలో పెట్టింది.

జనవరిలో వెళ్లాం. చలికాలం కాబట్టి ఎండ ఆమెకు ఇబ్బంది కాలేదు. సింహాచలంలో స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు. ఆయన నిజరూపం అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే కనిపిస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. "కప్పుకునే ఉండనీ. నానొచ్చానని ఆయనకి తెలిస్తే చాలు" అంది. అర్చన దగ్గర పూజారి గోత్రం, పేరు అడిగారు. ఇంకో ఫారం అనుకున్నాను నేను. గోత్రం తెలియదని అత్త చెప్పింది. ఆయన ఏమీ అనలేదు, పేరు చెప్పండి చాలు అన్నారు. ఆమె తన పేరు చెప్పలేదు. ముందు ముత్తాత పేరు, తర్వాత తాత పేరు, తర్వాత నాన్న పేరు, వరుసగా చెప్పింది. తాత, నాన్న, మధ్యలో ఏ గడీ ఖాళీ లేదు.

బయట మెట్ల దగ్గర పూలు అమ్మే ఆవిడతో అత్త బేరం ఆడింది. "ఏటమ్మా, మూర ఇంత సెప్తున్నావు?" అంది. ఆ పూలావిడ తలెత్తి చూసి, "ఏ ఊరమ్మా మీది? ఇజీనగరం వైపా?" అని అడిగింది.

"దూరం అమ్మా. సంద్రం అవతల" అంది అత్త.

"అయితే ఏటి? మన మాటే గదా" అంది ఆవిడ. మూరకు ఇంకో జానెడు పూలు కలిపి ఇచ్చింది.

మీకు నేను చెప్పదలచుకున్నది ఇదే. ఇండియాలో మనల్ని ఎరిగిన మనిషి లేకపోవచ్చు. మన నోట్లో మాట ఉంటే ఎవరో ఒకరు గుర్తుపడతారు. తరగతిలో నేర్చుకున్న తెలుగు మంచిదే. ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడే తెలుగును మాత్రం తప్పు అని వదిలేయకండి. ఏ కాగితంలోనూ దొరకని మా ఊరి దారిని ఆ పూలావిడ ఒక్క మాట విని చెప్పగలిగింది.

ఇంకొక పని కూడా చేయండి. వీసా అవసరం వచ్చేదాకా ఆగకండి. ఈ ఆదివారమే మీ ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఒక పేజీ నింపండి. పేరు. నాన్న పేరు, అమ్మ పేరు. తాతల పేర్లు, నానమ్మ, అమ్మమ్మల పేర్లు. ఎవరు ఎక్కడ పుట్టారు. ఎవరి పెళ్లి ఎక్కడ జరిగింది. ఇంట్లో పూజించే దేవుడు ఎవరు. ఒంటి మీద ఏ మచ్చ ఉంది, అది ఎలా వచ్చింది. తెలుగులో రాయండి. తప్పులు వస్తే రానివ్వండి, తర్వాత దిద్దుకోవచ్చు. మేం ఇప్పుడు మా తాత జనన పత్రానికి తోడుగా వేరే రుజువులు వెతుకుతున్నాం. దానికి మాకు ఆధారం అత్త చెప్పగా నేను రాసుకున్న నాలుగు పేజీలే.